నలభై మూడో మనిషి

"సర్దింది నువ్వు. మూత పోయింది. ఇందులో నేను కొత్తగా అన్నదేముంది?" అంది మణికుమారి.

"పద్నాలుగు గిన్నెలు, పద్నాలుగు మూతలు లెక్కపెట్టి నేనే సంచుల్లో పెట్టాను అత్తయ్యా. పెద్ద డేగిసా ఒక్కటే మీరు చూసుకుంటానన్నారు."

"చూసుకున్నాను. డేగిసా ఇంటికి వచ్చిందిగా."

"బోడిగా వచ్చింది."

"అప్పుడే అడగాల్సింది. మూడు రోజులు పోయాక, పళ్ళెం బోర్లించి అన్నం వండుతూ నన్నంటే ఏం లాభం?"

ఫేబా జవాబు చెప్పబోతుండగా ఫోన్ మోగింది. భర్త జెరెమియా. ఆసుపత్రిలో నర్సు, ఆ పూట డ్యూటీలో ఉన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"భూమేశ్ మాట్లాడుతున్నాడు. తెలివిగానే ఉన్నాడు. ప్రేమచంద్ పదింటికి వస్తున్నాడట, కంపెనీ కాగితం పట్టుకుని. నువ్వు అంతకు ముందే రా."

గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఏడాది నిండిన బ్లెస్సన్‌ని అత్తగారి చేతికిచ్చింది. కూతురు అబిగైల్ స్కూలు బస్సు వచ్చే వేళ మరోసారి గుర్తుచేసి కారు తాళాలు తీసుకుంది.

శుక్రవారం ఒమాన్‌లోని వాడి కబీర్ పేట తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వాళ్ళు పన్నెండు కుటుంబాలు బోటులో ఉమ్ సిద్ర దీవికి పిక్నిక్ వెళ్ళారు. ఆ దీవిలో కారు లేదు, కారు తిరిగే రోడ్డూ లేదు. చలికాలం చేపలు పట్టేవాళ్ళు ఉండే ఏడెనిమిది రాతి గదులు, బోటు ఆగే చెక్క వంతెన, కాలిబాట, అంతే. ఏప్రిల్ దాటితే అక్కడ మనిషి ఉండడు. ఫోనుకు సిగ్నల్ అందదు. వంటసాయానికి రుసైల్‌లో ఒక కంపెనీలో పనిచేసే భూమేశ్ అనే కూలీని తీసుకెళ్ళారు. అదే కంపెనీలో కూలీల రూములు, కాగితాలు చూసే ప్రేమచంద్ అతన్ని సెలవు రోజున పిలుచుకొచ్చాడు. ప్రేమచంద్ కూడా ఫెలోషిప్ సభ్యుడే.

ఆదివారం మధ్యాహ్నం చేపల పడవవాళ్ళకు భూమేశ్ ఆ దీవిలోనే కనిపించాడు. పెదాలు పగిలి, లేవలేకుండా ఉన్నాడు.

మరిచిపోయి వచ్చేశారా అంటే, కాదంది బోటు కంపెనీ. వెళ్ళినవాళ్ళు నలభై మూడు, తిరిగొచ్చినవాళ్ళు నలభై మూడు, కాగితం ఉంది. మరి తిరిగొచ్చిన మనిషి మళ్ళీ దీవికి ఎలా చేరాడు? దానికి ప్రేమచంద్ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. కంపెనీ వదిలి పారిపోవడానికి దొంగ పడవ ఎక్కాడు, పడవవాడు భయపడి మధ్యలో దింపేశాడు.

రేపు, మంగళవారం పొద్దున ఎనిమిదింటికి పోలీసు స్టేషన్‌లో అందరి మాటలూ రాసుకుంటారు. ప్రేమచంద్ మాట నిలబడితే భూమేశ్ ఆసుపత్రి మంచం దిగి లాకప్‌కి వెళతాడు. అక్కడి నుంచి విమానం ఎక్కిస్తారు. ఈ దేశంలో మళ్ళీ అడుగుపెట్టనివ్వరు.

నిజం తెలుసుకునే పని ఫెలోషిప్ పెద్దలు ఫేబాకి అప్పగించారు. పోయినేడు ప్రార్థన హాలులో పోయిన మైకు సెట్టు ఎవరింట్లో ఉందో రెండు రోజుల్లో తేల్చింది ఆమే. పిక్నిక్ లిస్టు రాసింది కూడా ఆమే. చివరి వరసలో "హెల్పర్, ఒకరు" అని రాసింది. అతని పేరు భూమేశ్ అని ఆమెకు తెలిసింది నిన్న, ఆసుపత్రి నుంచి జెరెమియా ఫోన్ చేసినప్పుడు.

తొమ్మిదీ నలభైకి వార్డులోకి వెళ్ళింది. భూమేశ్ ఆమెను చూసి లేవబోయాడు. చేతికి సెలైన్ అడ్డమొచ్చింది.

"పడుకో. నాలుగు మాటలు అడుగుతాను. శుక్రవారం బోటు ఎందుకు ఎక్కలేదు?"

"నిద్రవట్టింది అక్కా. లేచేసరికి బోటు వోయింది."

"ఎప్పుడు పడుకున్నావు?"

"బువ్వ తిన్నంక."

"మేం తిన్నది ఒంటిగంటన్నరకి. నువ్వు తిన్నది రెండింటికి. అప్పటి నుంచీ నిద్రేనా?"

"గంతే అక్కా."

ఫేబా తన ఫోన్‌లో ఒక ఫొటో తీసి అతని ముందు పెట్టింది. అబిగైల్ గాలిపటంతో నిలబడి ఉంది. వెనక చెక్క వంతెన మీద ఒకతను డేగిసాను తలమీద పెట్టుకుని నడుస్తున్నాడు.

"ఇది మూడూ ఇరవై రెండుకి తీసింది. ఇతను ఎవరు?"

భూమేశ్ ఫొటోను చూడలేదు, కిటికీ వైపు చూశాడు.

మంచం పక్కన అతని వస్తువుల సంచి ఉంది. జెరెమియాను అడిగి విప్పించింది. చొక్కా, ఒక చెప్పు, చార్జింగ్ అయిపోయిన ఫోన్. అడుగున తువ్వాల్లో చుట్టిన గుండ్రటి వస్తువు. తువ్వాలు తీయకముందే అదేమిటో ఆమెకు అర్థమైంది. తీశాక అంచు మీద పాత్రల కొట్లో చెక్కించిన అక్షరాలు కనిపించాయి. జి. మణికుమారి, భీమవరం.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"మర్చిపోయిండ్రు గదా అని తెచ్చిన."

"నీ అంతట నువ్వు వెనక్కి వెళ్ళావా, ఎవరైనా పంపారా?"

అతను దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"భూమేశ్, నువ్వు నిద్రపోయానంటే ఎవరూ నమ్మరు. రేపు పొద్దున ఇంకో కథ నమ్ముతారు. దొంగ పడవ కథ."

"పెద్దామె అక్కా," అన్నాడు చివరికి. "ఆమెను ఠాణ కాడికి గుంజుతరేమోనని జెప్పలె. మా అమ్మ యాదవ్వ అంత ఉంటది ఆమె."

"ఏమంది?"

"డేగిసా బోటుల వెట్టిన. మూతేదిరా అన్నది. వంట కాడనే ఉంటది ఉర్కు, బోటు నాలుగింటికి గదా, మస్తు టైమున్నది అన్నది. ఉర్కిన."

వంతెన నుంచి వంట చేసిన చోటికి పన్నెండు నిమిషాలు. శుక్రవారం బ్లెస్సన్‌ని చంకనేసుకుని నడిచినప్పుడు ఫేబా వాచీ చూసుకుంది. మూడూ ఇరవై అయిదుకి బయలుదేరితే మూడూ ముప్ఫై ఏడుకి అక్కడుంటాడు. మూడున్నరకి వంతెన దగ్గరే ముగింపు ప్రార్థన. అది అయ్యాక, గాలి లేస్తోందని బోటువాళ్ళు చెప్పారని, మూడూ నలభైకే బయలుదేరుతున్నామని ప్రకటించింది జెరెమియా. ప్రార్థనలో అందరూ ఉన్నారు. భూమేశ్ ఒక్కడే లేడు. అతను ప్రార్థనకు రాడని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ వెతకలేదు.

"తిరిగొచ్చేసరికి?"

"బోటు జర దూరంల ఉండె. మూత పైకి వట్టుకోని ఊపిన. ఒర్లిన. మీరంత పాటలు వాడుతున్నరు. పిల్లలు నన్ను జూసిండ్రు అక్కా. వాళ్ళు గూడ చేతులూపిండ్రు."

ఫేబా ఫోన్‌ను బ్యాగులో పెట్టుకుంది. చేతులకు ఏదో ఒక పని కావాలి. ఆ మధ్యాహ్నం అబిగైల్ బోటు వెనక కటకటాలు పట్టుకుని, "అమ్మా, అక్కడెవరో టాటా చెబుతున్నారు," అంది. బ్లెస్సన్‌కి పాలు కలుపుతూ తల ఎత్తకుండానే, "నువ్వూ చెప్పు," అంది తను.

"నీళ్ళు?"

"మీరు వదిలిన క్యానుల సగం ఉండె. అదే తాగిన. రెండు దినాలు అట్లనే." ఆమె చేతిలోని మూత వైపు చూశాడు. "మూత ఇంటికి వట్కపోతవా అక్కా? పెద్దామె తిట్టుకుంటుండొచ్చు."

"డిటెక్టివ్ సిస్టర్ మనకన్నా ముందే వచ్చేశారే."

ప్రేమచంద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గల్ఫ్ రాకముందు ఏలూరులో పన్నెండేళ్ళు కానిస్టేబుల్‌గా చేశాడు. ఇప్పటికీ గదిలోకి అడుగుపెట్టే ముందు మూలలన్నీ చూసుకుంటాడు. ఈసారి అతని చూపు మూత దగ్గర ఆగింది.

"మీ మనిషి కదా బ్రదర్," అంది ఫేబా. "మీరు నిన్ననే వచ్చి ఉండాల్సింది."

"నిన్న కాగితాల పనిలో ఉన్నాను." మడిచిన కాగితం జేబులోంచి తీసి మంచం మీద పెట్టాడు. "సంతకం చెయ్యి భూమేశ్. తిరిగొచ్చాను, తర్వాత వేరే పడవలో వెళ్ళాను అని ఉంది. ఒప్పుకుంటే నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. ఒప్పుకోకపోతే నెలలు పడుతుంది, లోపల."

"చదివి వినిపించారా అతనికి?"

"ఇప్పుడు వినిపించాను కదా."

"సంతకం చెయ్యకు," అంది భూమేశ్‌తో. ప్రేమచంద్ వైపు తిరిగింది. "శుక్రవారం పొద్దున రుసైల్ నుంచి మీ వ్యాన్‌లో తెచ్చారు. సాయంత్రం మీ వ్యాన్‌లో లేడు. ఎవరినడిగారు?"

"గిన్నెలు కడగడానికి మీ ఇంటికి వెళ్ళాడనుకున్నాను."

"నేను మీ వ్యాన్ ఎక్కాడనుకున్నాను."

"ఇంకేం మరి. ఇద్దరం మంచివాళ్ళమే."

"శనివారం?"

"శనివారం సెలవు."

"ఆదివారం డ్యూటీకి రాలేదు. వెతకకుండా, పదింటికల్లా పారిపోయాడని రిపోర్టు ఇచ్చారు. చేపలవాళ్ళకు కనిపించింది పన్నెండు దాటాక. అంటే దొంగ పడవ కథ పుట్టకముందే మీకు అతను దొంగ."

ప్రేమచంద్ నవ్వాడు. "సిస్టర్, మీరు బాగా చదువుకున్నారు. కానీ స్టేషన్‌లో నేను చూసింది ఒకటుంది. ఒక మనిషి చెప్పే మాట, ఒక కాగితం పక్కపక్కన పెడితే ఎవరైనా కాగితాన్నే తీసుకుంటారు. నలభై మూడు ఎక్కారు, నలభై మూడు దిగారు. ఆ మూత వల్ల మీవాడికి మేలు జరగదు. దొంగతనం అని ఇంకో వరస రాసుకోవచ్చు."

"మా మూత. మేం ఫిర్యాదు చెయ్యలేదు."

"అయితే ఆ నలభై మూడులో ఒకటి తీసేసి చూపించండి," అన్నాడు. కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పదకొండూ యాభైకి ఆమె బోటు రేవులో ఉంది.

ఆఫీసు కౌంటర్‌లో అస్రా అనే ఒమానీ అమ్మాయి కూర్చుని ఉంది. శుక్రవారం కాగితాలు కంపెనీవాళ్ళకు, పోలీసులకు తప్ప చూపించకూడదంది. లిస్టు రాసింది తనేనని ఫేబా చెబితే, ఆమె నివాస కార్డు బతాకా చూసి పేరు సరిపోల్చుకుని, "ఇక్కడే చూడాలి, ఫొటో తియ్యకూడదు," అంది. లెక్కపెట్టిన మనిషి బోటు కడుగుతున్నాడని, అతన్ని పిలుస్తానని చెప్పింది. తనే వెళతానంది ఫేబా.

సమీయుల్లాది కడప. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి చెక్కల మీద నీళ్ళు కొడుతున్నాడు. ఆమెను చూసి పైపు ఆపేశాడు. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి చూపు దించుకున్నాడు. ఆ చూపును ఫేబా తప్పు చేసినవాడి చూపు కింద రాసుకుంది.

ముందు బోటునే పరీక్షించింది. ఎక్కడానికి ఒకే దారి. రెండడుగుల వెడల్పు పలక, రెండు వైపులా తాళ్ళు. ఒకరి వెనక ఒకరు తప్ప ఇద్దరు కలిసి ఎక్కలేరు. లెక్కపెట్టే మనిషి నిలబడే చోటు పలక చివర, కుడివైపు. అక్కడ నిలబడి చూసింది. ఎక్కే ప్రతి మనిషీ అరచేతి దూరంలోంచి వెళ్ళాలి. వెనక కటకటాల నుంచి చూస్తే వంతెన మొత్తం కనిపిస్తుంది.

"ఇక్కడ నిలబడినవాడికి ఒక్క మనిషి కూడా ఎలా తప్పుతాడు?" అంది.

"తప్పలేదు మేడం. నలభై మూడు సరిపోయినారు."

"సరిపోతే ఆ మనిషి రెండు రాత్రులు దీవిలో ఎందుకున్నాడు?"

"అది నాకెట్ల తెలుస్తాది?"

"ఒక్కొక్కరినీ చూసి లెక్కపెట్టావా?"

అతను పైపును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "పొయ్యేటప్పుడు టికెట్టు చూసి ఒక్కొక్కరినే పంపినా. వచ్చేటప్పుడు గాలి ఎక్కువయింది మేడం. కెప్టెన్ తొందర పెడతాండె. పిల్లోళ్ళు, సంచులు, ముసలోళ్ళు. ఫ్యామిలీ ఎంతమంది అని అడిగినా. వాళ్ళు చెప్పినారు. నేను గీతలు గీసినా. మొత్తం నలభై మూడు వచ్చింది, తాడు ఇప్పేసినా."

"అడిగి గీశావు. చూసి గీయలేదు."

"అవును మేడం."

"కళ్ళు మూసుకుని గీతలు గీయడానికేనా నిన్ను అక్కడ నిలబెట్టింది? ఒక మనిషి ప్రాణం పోయేది. రేపు స్టేషన్‌లో నీ పేరు చెబుతాను. ఈ ఉద్యోగం నీకు ఉండదు, ఉండకూడదు కూడా."

ఆమె గొంతు కౌంటర్ దాకా వినిపించినట్టుంది, అస్రా తలుపు దగ్గరికొచ్చి చూసింది. సమీయుల్లా ఏదో చెప్పబోయి ఆగాడు. "మీరు కాగితం చూడండి మేడం," అన్నాడు మెల్లగా. "చూసినాక చెప్పండి."

ఆఫీసులో కాగితం ఆమె ముందు పెట్టారు. ముందువైపు తన చేతిరాతే. పన్నెండు కుటుంబాల పేర్లు, ఎదురుగా సంఖ్యలు. ఆరు కుటుంబాలకు నాలుగేసి, ఆరు కుటుంబాలకు మూడేసి. నలభై రెండు. కింద హెల్పర్, ఒకరు. నలభై మూడు. కింద గ్రూప్ లీడర్‌గా జెరెమియా సంతకం, పక్కన తిరిగొచ్చినవాళ్ళు నలభై మూడు అని బోటు కంపెనీ రాసుకున్న వరస.

వెనకవైపు తిరుగు ప్రయాణం లెక్క. పేర్లు లేవు. పెన్సిల్ గీతలు మాత్రం గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక్కో కుటుంబం ఎక్కినప్పుడు ఒక్కో గుత్తి. మనిషికో గీత.

ఫేబా వేలు పెట్టి లెక్కపెట్టింది. పన్నెండు గుత్తులు. అన్నీ కలిపితే నలభై మూడు. సరిగ్గానే ఉంది.

సరిగ్గా ఉండకూడదు.

మళ్ళీ చూసింది. భూమేశ్‌కి కుటుంబం లేదు. అతను ఎక్కి ఉంటే పన్నెండు గుత్తులు కాక, విడిగా ఒక గీత ఉండాలి. ఒంటరి గీత ఎక్కడా లేదు. అంటే భూమేశ్ ఎక్కలేదు. అతను ఎక్కకుండానే నలభై మూడు ఎలా వచ్చింది? ఏదో ఒక కుటుంబం ఒకరిని ఎక్కువ చెప్పి ఉండాలి.

మూడు గీతలు, నాలుగు గీతలు, మూడు, మూడు, నాలుగు. వేలు వరస చివరికి వెళ్ళింది. చివరి గుత్తిలో నాలుగు నిలువు గీతలు, వాటిని కోస్తూ ఒక అడ్డగీత. ఐదు. తను రాసిన లిస్టులో ఐదుగురున్న కుటుంబం ఒక్కటీ లేదు.

చివరికి ఎక్కింది ఎవరు?

అందరూ ఎక్కాక, చెత్త సంచులు మూటగట్టారో లేదో, ఎవరి టోపీ అయినా పడిపోయిందేమో చూసి చివరికి ఎక్కింది తనే. ముందు జెరెమియా, అత్తయ్య, అబిగైల్. వెనక తను. చంకలో బ్లెస్సన్. "ఎంతమంది మేడం?" అని ఎవరో అడిగారు. గాలికి చున్నీ ముఖం మీద పడుతోంది. "ఐదుగురం," అంది. ఇంట్లో ఎంతమందని ఎవరడిగినా ఏడాదిగా చెబుతున్న మాటే. రెండేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు కాబట్టి లిస్టులో వాడి పేరు తను రాయలేదు. వెళ్ళేటప్పుడు వాళ్ళు నలుగురు. వచ్చేటప్పుడు ఐదుగురు.

ఆ ఐదో గీత మీద భూమేశ్ ఉండాల్సింది. తన నోటితో తనే అతని చోటు నింపేసి, తాడు విప్పించింది.

కాగితం మీద నుంచి వేలు తీయలేకపోయింది. తీస్తే అందరికీ కనిపిస్తుందేమో అనిపించింది.

"చివర ఎక్కినామె చంకలో పిల్లోడు ఉండె మేడం." సమీయుల్లా ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. అస్రాకు తెలుగు తెలియదు, అయినా ఇంకా మెల్లగా అన్నాడు. "మీరు బోటు కాడికి వస్తానే గుర్తుపట్టినా. అంత మాటన్నారు కదా, ముఖం మీద ఎట్ల చెప్పేది అని ఊరుకుంటి. పిల్లోడికి గీత గియ్యకూడదని నాకూ తెలియాల. తప్పు నాదీ ఉంది."

క్షమించమని అనాలి. ఫేబా నోరు తెరిచింది. అదే సమయానికి తలుపు తోసుకుని ప్రేమచంద్ వచ్చాడు.

"ముద్ర వేసిన కాపీ ఇప్పించండమ్మా," అన్నాడు అస్రాతో ఇంగ్లీషులో. తర్వాత తెలుగులో, "ఏమైంది సిస్టర్, ఒకటి తగ్గిందా?"

ఫేబా కాగితం అతని వైపు జరిపింది.

"నలభై మూడే," అంది.

ఆ రెండు మాటలూ ఎంత తేలిగ్గా వచ్చాయో ఆమెకే ఆశ్చర్యం వేసింది. సమీయుల్లా ఆమె వైపు చూడలేదు. బయటికెళ్ళి మళ్ళీ పైపు విప్పాడు.

కారు తలుపు తీస్తుండగా ప్రేమచంద్ వెనక నుంచి వచ్చాడు. ఇక్కడ అతని గొంతులో వెటకారం లేదు. అది లేకపోవడమే ఆమెకు భయం కలిగించింది.

"ఆ అడ్డగీత నేను నిన్న సాయంత్రమే చూశాను సిస్టర్. పన్నెండేళ్ళు ఊరికే చెయ్యలేదు."

ఫేబా తెరిచిన తలుపు మళ్ళీ మూసింది.

"చివర ఎక్కింది ఎవరో కూడా తెలుసు. మా ఆవిడ మీకన్నా ముందు ఎక్కింది. కాపీలో ముందువైపు మాత్రమే తీయించాను. మొత్తం అంకె చాలు వాళ్ళకు. వెనక గీతలు ఎవరూ అడగరు."

"ఎందుకు?"

"మన పరువు కోసం. లీడర్ సంతకం జెరెమియాది. పిల్లాడి పేరు రాయకుండా తీసుకెళ్ళారని, ఒక మనిషిని వదిలేసి వచ్చారని తేలితే ముందు పిలిచేది అతన్నే. ఆసుపత్రి ఉద్యోగం పోలీసు కేసును ఓర్చుకోదు. మీ అత్తగారు విజిట్ వీసా మీద ఉన్నారు. ఫెలోషిప్‌కి హాలు ఇచ్చినవాళ్ళు రేపే తాళం వేస్తారు." కారు పైకప్పు మీద చెయ్యి ఆనించాడు. "సెలవు రోజున కూలీని సొంత పనికి తెచ్చానని నా మీదా వస్తుంది, కాదనను. అందరం కొంచెం కొంచెం తప్పు చేశాం. ఒక్కడు ఇంటికి పోతే సరిపోతుంది. వాడికి వయసుంది, ఇంకో దేశం వెళతాడు."

"అతను ఏ తప్పూ చెయ్యలేదు."

"నేను చేశాడనడం లేదే. మీరు కూడా ఇందాక లోపల అనలేదు." చెయ్యి తీసేశాడు. "నలభై మూడే అన్నారు. ఆ బోటువాడు విన్నాడు, నేను విన్నాను. రేపు ఎనిమిదింటికి కూడా అదే అనండి. అంతే చాలు."

ఇంటికి వచ్చేసరికి రెండున్నర. మూతను వంటగట్టు మీద పెట్టింది. మణికుమారి దాన్ని చూసి, చెక్కిన పేరు మీద బొటనవేలు పెట్టి, ఎక్కడ దొరికిందని అడగలేదు.

"పంపానే తల్లీ," అంది. "వాడి వెనక ప్రార్థనలో కూర్చున్నాను. బోటు ఎక్కాక వాడు గుర్తుకే రాలేదు. నిన్న దొరికాడని తెలిశాక గుర్తొచ్చింది. నీతో చెప్పలేక పొద్దున్నే మూత పోయిందని గొడవ పెట్టుకున్నాను."

ఆమెను ఏమైనా అనడానికి ఫేబాకున్న హక్కు ఆ పూట రేవులోనే పోయింది.

సాయంత్రం భూమేశ్ భార్య శ్రీలత ఊరి నుంచి వాట్సాప్‌లో ఫోన్ చేసింది. ఎవరో నంబరు ఇచ్చారట. "మా ఆయన అక్కడేమన్న తప్పు జేసిండా మేడం? కంపెనోళ్ళు మా ఊరి ఏజెంటుకు జెప్పిండ్రంట. ఊరంత అంటున్నరు. జేసిండంటే జేసిండని చెప్పుండ్రి. నాకు నిజం దెల్వాలె." ఫేబా రేపు చెబుతానంది. ఎందుకు రేపు, ఇప్పుడే ఎందుకు చెప్పకూడదు అని ఆమె అడగలేదు. సరే మేడం అని పెట్టేసింది.

ఏడింటికి భోజనానికి కూర్చున్నారు. జెరెమియా ప్రార్థన చేశాడు. చేపల పులుసు, అన్నం, వేయించిన బెండకాయ. అబిగైల్ స్కూలు కబుర్లు ఏవో చెబుతోంది. ఎవరూ వినడం లేదని తెలుసుకుని ఆపేసింది. బ్లెస్సన్ తండ్రి ఒళ్ళో కూర్చుని మెతుకులు ఏరుకుంటున్నాడు.

ఫేబా కలిపిన ముద్దను అలాగే ఉంచి అంది.

"రేపు పొద్దున స్టేషన్‌లో నేను మాట్లాడతాను. లిస్టు రాసింది నేను. దాంట్లో బ్లెస్సన్ పేరు రాయలేదు. వచ్చేటప్పుడు అడిగితే వాణ్ణి కలిపి ఐదుగురం అన్నాను. భూమేశ్ ఎక్కలేదు, ఎక్కినట్టు లెక్క సరిపోయింది నా మాట వల్ల. కాగితం వెనకవైపు చూడమని చెబుతాను. బోటు మీద పనిచేసే అతన్ని ఉద్యోగం తీయిస్తానని తిట్టాను, అది తప్పని కూడా వాళ్ళ ముందే చెబుతాను. అత్తయ్యా, ఎవరు పంపారని అడిగితే మీ పేరు దాచను."

"దాచకు," అంది మణికుమారి పళ్ళెంలోకి చూస్తూ.

జెరెమియా చెయ్యి ఆగిపోయింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"మధ్యాహ్నం. ప్రేమచంద్‌కి నిన్ననే తెలుసు. నోరు మూసుకోమన్నాడు. రేవులో అప్పటికే మూసుకున్నాను కూడా, అతను అడగకముందే. ఆ సంగతి నువ్వు బయట ఎక్కడా వినకూడదు, అందుకని చెబుతున్నాను."

"లీడర్ సంతకం నాది ఫేబా."

"తెలుసు."

"దిగేటప్పుడు నేనైనా లెక్కపెట్టాల్సింది. పెట్టలేదు. అదీ అడుగుతారు."

"అడుగుతారు."

"పై వారం కొత్త కాంట్రాక్టు ఇవ్వాలి ఆసుపత్రివాళ్ళు."

అతను ఒళ్ళో పిల్లాణ్ణి ఒకసారి సర్దుకున్నాడు. వాడి వేళ్ళకంటిన పులుసు తన వేళ్ళతో తుడిచాడు. ఆ పని పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

"ఎనిమిదింటికి కాదు," అన్నాడు. "ఏడింటికే వెళ్దాం. ప్రేమచంద్ ముందే వచ్చి కూర్చుంటాడు."